జ్వరానికి సెలైన్ మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

వానలు పడి పల్లెల్లో జ్వరాలు మొదలవగానే దాదాపు అన్ని పత్రికల జిల్లా పేజీల్లో ఒకే ఫొటో కనబడుతుంది. వేపచెట్టు కింద నులకమంచం, దాని మీద దుప్పటి కప్పుకున్న మనిషి, కొమ్మకు వేలాడుతున్న సెలైన్ సీసా. పైన 'విషజ్వరాలతో మంచం పట్టిన పల్లె' అని శీర్షిక. ఊరి బాధ పైవాళ్లకు తెలియాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఫొటో చూసిన పాఠకుడి మనసులో రెండు సంగతులు నాటుకుపోతున్నాయి. జ్వరం వస్తే సెలైన్ ఎక్కించాలన్నది ఒకటి. ఆ జ్వరం పేరేమిటో తేల్చకపోయినా ఫర్వాలేదన్నది రెండోది. రెండూ తప్పే. ఆగస్టు నుంచి నవంబరు దాకా తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇళ్లను గుల్ల చేస్తున్న జ్వరాల ఖర్చంతా ఈ రెండు తప్పుల చుట్టూనే తిరుగుతోంది.

అనవసర వైద్యంతో డబ్బు పోతుందని ఎవరికైనా తెలుసు. మా బాధ డబ్బు ఒక్కటే కాదు. అక్కర్లేని వైద్యం చేస్తూ కూర్చుంటే, చేయాల్సిన వైద్యానికి వేళ దాటిపోతోంది. జ్వరంతో పోయిన మనిషి విషయంలో 'ఎంత ఖర్చు పెట్టినా బతకలేదు' అంటాం. ఆ ఖర్చు దేనికి పెట్టారో, ఏ రోజున పెట్టారో విడదీసి చూస్తే చాలాసార్లు మనసు కలుక్కుమంటుంది.

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా శుద్ధి చేసిన నీళ్లు. జనం 'గ్లూకోజ్ బాటిల్' అనే ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. దాంతో వచ్చే శక్తి వంద కేలరీల లోపే, చిన్న ఇడ్లీలు రెండు తిన్నంత. డీఎన్ఎస్ అని రాసి ఉంటే అందులో ఉప్పు, గ్లూకోజ్ రెండూ కలిసి ఉన్నాయని అర్థం. ఇంతకు మించి వీటిలో బలమిచ్చే మందేమీ లేదు. జ్వరం తగ్గించే మందు అసలే లేదు. సీసాలో పసుపు రంగు మందు కలిపితే 'పవర్ సెలైన్' అనుకుని రెట్టింపు డబ్బులిస్తున్నారు. అది బీ కాంప్లెక్స్ విటమిన్. ఒంట్లో నిలవ ఉండేది తక్కువ, మిగిలింది గంటల్లోనే మూత్రంలో పోతుంది. మూత్రం పచ్చగా రావడానికి కారణం అదే, లోపలి 'వేడి' బయటికి పోవడం కాదు.

మరి సెలైన్ పెట్టించుకోగానే ప్రాణం లేచొచ్చినట్టు ఎందుకుంటుంది? జ్వరంలో నోరు చేదై మనిషి నీళ్లు తాగడు. ఒంట్లో నీరు తగ్గి తల తిరుగుతుంది, కాళ్లు పీకుతాయి. అర లీటరు నీరు ఏ దారిన లోపలికి వెళ్లినా ఆ నీరసం కొంత తగ్గుతుంది. దానికి తోడు రెండు గంటలు కదలకుండా పడుకోవడం, పక్కన ఒకరు కూర్చుని చెయ్యి పట్టుకోవడం. అన్నిటికంటే ముఖ్యం, సీసాలోనో చేతి సూదిలోనో జ్వరం మందు విడిగా ఎక్కించి ఉంటారు. తగ్గించింది అదైతే పేరు సీసాకు వస్తోంది. మింగగలిగిన మనిషికి ఆ మందునే రెండు రూపాయల మాత్రగా ఇవ్వొచ్చు. ఆ అర లీటరును ఉప్పు వేసిన గంజిగానో, మజ్జిగగానో, చారుగానో రెండు గ్లాసులు ఇవ్వొచ్చు.

తాగగలిగిన మనిషికి నరం ద్వారా నీరెక్కించడంలో ప్రమాదాలు చిన్నవేమీ కావు. మామూలు డ్రిప్ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అర లీటరు సీసా నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. కిటికీ ఊచకు సీసా కట్టి, గొట్టం మీది చక్రం వదులు చేసి, ఇంకో ఇంటికి వెళ్లిపోయే చోట చుక్కలు లెక్కపెట్టేదెవరు? అదే సీసా అరగంటలో కారిపోతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు తట్టుకుంటాడేమో గానీ, గుండె బలహీనంగా ఉన్న పెద్దాయనకో, కిడ్నీలు దెబ్బతిన్న మనిషికో ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం మొదలవుతుంది. షుగరున్న వాళ్లకు డెక్స్‌ట్రోజ్ పెడితే, జ్వరంతో అప్పటికే పెరిగిన షుగరు ఇంకా పైకి పోతుంది. చిన్నపిల్లలకు బరువు లెక్క కట్టకుండా ఉప్పు లేని గ్లూకోజ్ నీరు ఎక్కువగా ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు.

ఇంకొకటి. సీసా సగమయ్యాక మనిషి ఉన్నట్టుండి చలితో గజగజ వణికితే 'సెలైన్ రియాక్షన్' అని దుప్పట్లు కప్పుతారు. సీసాలోనో గొట్టంలోనో క్రిములు, వాటి అవశేషాలు ఉంటే అలా అవుతుంది. విటమిన్ కలపడానికి సీసాకు సూది గుచ్చినప్పుడు, గాలి ఆడడానికని సీసా అడుగున ఇంకో సూది గుచ్చి వదిలేసినప్పుడు, సగం వాడిన సీసాను మర్నాటికి దాచినప్పుడు క్రిములు లోపలికి పోతాయి. వణుకు మొదలైతే చక్రం తిప్పి ఆపడం చాలదు. ఆ సీసా, గొట్టం రెండూ తీసేయాలి. మిగిలింది మళ్లీ ఎక్కించకూడదు. 'రేపు మళ్లీ పెడదాం' అని చేతికి వదిలిన క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) దగ్గర ఎర్రబడినా, తాడులా నరం గట్టిపడినా వెంటనే తీయించాలి.

సూదుల సంగతి మరీ కష్టం. జ్వరంతో వెళ్తే మూడు మందులు ఒకే సిరంజిలో కలిపి పిరుదుకు పొడిచే అలవాటు చాలా ఊళ్లలో ఉంది: ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, అలర్జీ మందు ఒకటి, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. మూడు గంటల్లో జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, మనిషి లేచి పొలానికి వెళ్తాడు. 'ఆయన చెయ్యి మంచిది' అన్న పేరు అలా వస్తుంది. స్టెరాయిడ్ చేసేది జ్వరాన్ని అణచిపెట్టడమే, జ్వరం తెచ్చిన క్రిమి అలాగే ఉంటుంది. దాంతో పోరాడే శక్తి మాత్రం తగ్గుతుంది. పైగా స్టెరాయిడ్ వేసిన మర్నాడు రక్త పరీక్ష చేయిస్తే తెల్లకణాలు పెరిగి కనబడతాయి, ఇన్ఫెక్షన్ లేకపోయినా సరే. ఆ కాగితం చూసి 'ఇన్ఫెక్షన్ బాగా ఎక్కువుంది' అంటూ యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఒక అక్కర్లేని సూది ఇంకో అక్కర్లేని కోర్సును వెంట తెస్తుందన్నమాట.

డెంగీ కావచ్చని అనుమానమున్న మనిషికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఇవి కడుపులో రక్తస్రావం తెస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కండకు సూది వేయడమే డెంగీలో మంచిది కాదు, లోపల రక్తం గడ్డకట్టి పెద్ద కణితిలా అవుతుంది. పిరుదు మీద సరైన చోటు తప్పితే సూది కాలికి వెళ్లే సయాటిక్ నరానికి తగిలి పాదం పైకెత్తలేని స్థితి వస్తుంది. వాడిన సిరంజినే మళ్లీ వాడితే ఏమవుతుందో దేశం చూసింది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్ బి అలాగే ఊరంతా పాకి ఎందరినో బలి తీసుకుంది. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో హెచ్ఐవీ కేసులు గుంపుగా బయటపడినప్పుడు వేళ్లన్నీ చూపించింది, ఊరూరా తిరిగి తక్కువ డబ్బుకు సూదులు వేసిన ఒక వైద్యుడి సిరంజినే. సూది తప్పనిసరైతే కొత్త ప్యాకెట్ మీ కళ్ల ముందు చింపమని అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

ఇక టైఫాయిడ్. 'నాకు ఏటా టైఫాయిడ్ వస్తుంది', 'మా పాపకు రక్తంలో టైఫాయిడ్ ఉండిపోయింది' అనే మాటలు వినని ఊరు లేదు. వీటికి మూలం విడాల్ పరీక్ష. రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కోవడానికి ఏడాది ముందు, 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ఈ పరీక్షను చెప్పాడు. రక్తంలోంచి క్రిమిని పెంచి చూపే సౌకర్యం అన్నిచోట్లా లేని రోజుల్లో అది గొప్ప సంగతే. నూట ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాన్నే పట్టుకుని వేలాడటమే విచారం.

అది ఎలా చేస్తారో తెలిస్తే దాని విలువ ఎంతో తెలుస్తుంది. గాజు పలక మీద రోగి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) చుక్క వేసి, పక్కనే రంగు వేసిన చనిపోయిన టైఫాయిడ్ బ్యాక్టీరియా ద్రవం చుక్క కలుపుతారు. ఆ ద్రవం రెండు రకాలు: 'O' అనేది నీలం, 'H' అనేది ఎరుపు. పుల్లతో కలిపి, పలకను ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పి, రవ్వలు రవ్వలుగా విరిగిందా లేదా అని కంటితో చూస్తారు. విరిగితే సీరం పరిమాణం తగ్గిస్తూ మళ్లీ చేయాలి. ఎంత తక్కువ సీరానికి విరిగితే రిపోర్టులో అంకె అంత పెద్దది: 80 మైక్రోలీటర్లకు విరిగితే 1:20, 40కి 1:40, 20కి 1:80, 10కి 1:160, 5కి 1:320. నిమిషం దాటాక చూస్తే చుక్క ఆరిపోతూ లేని రవ్వలు కనబడతాయి. పది స్లైడ్లు వరుసగా పరిచి తీరిగ్గా చూసే చోట ఇది రోజూ జరిగే పొరపాటే. కొన్నిచోట్ల పరిమాణం తగ్గించి చూసే పనే పెట్టుకోరు. మొదటి చుక్క విరగగానే '1:160 పాజిటివ్' అని రాసేస్తారు.

అంతా పద్ధతిగా చేసినా అది చూపేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల, వేయించుకున్న టీకా వల్ల, దాని చుట్టాల్లాంటి వేరే బ్యాక్టీరియా వల్ల, మలేరియాలోనూ ఇంకొన్ని జ్వరాల్లోనూ కూడా అవి కనబడతాయి. కలుషిత నీరు తాగే మన ప్రాంతాల్లో ఏ జబ్బూ లేని మనిషి రక్తం తీసినా 1:80 రావడం వింత కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో ఆ యాంటీబాడీలు మొదటి వారం చివరికి గానీ పెరగవు. అంటే రెండో రోజు జ్వరానికి విడాల్ చేయిస్తే పాజిటివ్ వచ్చినా నమ్మలేం, నెగెటివ్ వచ్చినా నమ్మలేం. దాన్ని సరిగ్గా వాడాలంటే పది, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, నాలుగింతలు పెరిగిందేమో చూడాలి. అప్పటికి రోగి కోలుకోనైనా కోలుకుంటాడు, లేదా మించిపోతుంది. జ్వరం తగ్గాక 'పోయిందో లేదో చూద్దాం' అని మళ్లీ విడాల్ చేయించడం శుద్ధ దండగ. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. 'రక్తంలో ఉండిపోయిన టైఫాయిడ్' అదే.

సరైన పరీక్ష బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోంచి క్రిమిని పెంచి చూడటం. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే పెద్దవాళ్లకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తం తీసి కల్చర్ సీసాలో వేయాలి. క్రిమి పెరిగితే, ఏ మందుకు లొంగుతుందో కూడా ఆ రిపోర్టే చెబుతుంది. రెండు మూడు రోజులు పడుతుంది, విడాల్ కంటే ఖరీదు. అయినా ఒక్కసారి కల్చర్‌కు పెట్టే డబ్బు, ఐదు రోజులు పూటకొకటి చొప్పున ఎక్కించే సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూదులకు, వాటికి క్యాన్యులాకు, మంచానికి పెట్టే డబ్బు కంటే చాలా తక్కువ. మూడు రోజులు దాటిన జ్వరానికి యాంటీబయాటిక్ రాసేముందు 'కల్చర్‌కు రక్తం తీశారా?' అని అడగడం రోగి బంధువులు చేయగల అతి మంచి పని.

నిజంగా టైఫాయిడే అయినా, సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఇది రోగికి ముందే చెప్పకపోవడంతో రెండో రోజుకే 'మందు పనిచేయట్లేదు' అని ఆసుపత్రి మారుస్తారు. కొత్త చోట ఇంకో యాంటీబయాటిక్ కలుపుతారు. ఒక్క మందుతో తగ్గేదానికి మూడు మందులు పడతాయి.

తప్పుడు టైఫాయిడ్ ముద్రతో పోయేది డబ్బే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సిన పని లేదు. మన దగ్గర వానాకాలం, చలికాలం స్క్రబ్ టైఫస్ వస్తోంది. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరమిది. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర, రొమ్ము కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది నొప్పి పెట్టదు కాబట్టి రోగి చెప్పడు. బట్టలు తప్పించి వెతికితేనే కనబడుతుంది, కొందరిలో అసలు ఉండదు కూడా. దీనికి డాక్సీసైక్లిన్, పెద్దవాళ్లకు 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, సాధారణంగా ఏడు రోజులు. మొదట్లోనే ఇస్తే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆ చవక మాత్ర ఇవ్వకుండా విడాల్ పాజిటివ్ అని సెఫ్‌ట్రియాక్సోన్ సూదులు వేస్తూ కూర్చుంటే లాభం లేదు, ఆ మందుకు ఈ క్రిమి లొంగదు. ఐదు రోజులు గడిచేసరికి ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని రోగి వెంటిలేటర్ మీదికి చేరతాడు. ఏజెన్సీ మండలాల్లో మలేరియాదీ ఇదే కథ. వేలి కొన చుక్క రక్తంతో పావుగంటలో తేలే ఆర్‌డీటీ పరీక్ష ఆశా కార్యకర్త చేతిలోనే ఉండగా, విడాల్ కోసం పట్నం పరుగెత్తి రెండు రోజులు పోగొట్టుకుంటారు.

డెంగీ విషయంలో జనాన్ని భయపెట్టేది ఒకే మాట: ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగీలో మూడో రోజు నుంచి పడిపోయి, ఏడెనిమిది రోజులకు వాటంతటవే పెరుగుతాయి. డెంగీలో ప్రాణం తీసేది చాలావరకు ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు. రక్తనాళాల గోడల్లోంచి నీరు బయటికి కారి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవడం. అందుకే చూడాల్సిన అంకె, రక్తంలో ఎర్రకణాల భాగం ఎంత శాతమో చెప్పే పీసీవీ. దాన్నే హెమటోక్రిట్ అంటారు. మొదటి రోజుల్లో 40 ఉన్నది 48కి చేరిందంటే 20 శాతం పెరిగినట్టు, నీరు కారుతున్నట్టే. ప్లేట్‌లెట్లున్న రిపోర్టులోనే ఈ అంకె కూడా ఉంటుంది. ఎవరూ దాని వంక చూడరు.

ప్లేట్‌లెట్ల అంకె కూడా అంత గట్టిదేం కాదు. మెషిన్ కణాన్ని సైజు చూసి లెక్కపెడుతుంది. ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుంటే వాటిని వదిలేస్తుంది. పెద్ద ప్లేట్‌లెట్లను వేరే కణాలనుకుంటుంది. రక్తం తీసేటప్పుడు ఆలస్యమై కాస్త గడ్డకట్టినా అంకె పడిపోతుంది. అందుకే ఉదయం ఒక ల్యాబ్‌లో 42 వేలు, మధ్యాహ్నం ఇంకోచోట 68 వేలు వస్తాయి. అంకె మరీ తక్కువొస్తే టెక్నీషియన్ స్లైడు మీద రక్తం పలచగా పూసిన స్మియర్‌ను మైక్రోస్కోపులో చూసి సరిపోల్చాలి. రిపోర్టు మీద 'స్మియర్ చూశాం' అన్న మాట ఉందేమో చూసుకోండి.

రక్తస్రావం లేని డెంగీ రోగికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల ఉపయోగం లేదని సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో 372 మంది మీద చేసిన పరిశోధన 2017లో తేల్చింది. అందులో ఉన్నవాళ్లందరికీ ప్లేట్‌లెట్లు 20 వేలు, అంతకంటే తక్కువే. ఎక్కించినవాళ్లలో రక్తస్రావం తగ్గలేదు సరికదా, దురదలు, అలర్జీలు, ఆయాసం లాంటి ఇబ్బందులే ఎక్కువయ్యాయి. మన జాతీయ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనప్పుడు పదివేల లోపు పడితేనే ఆలోచించమంటున్నాయి. ఇక్కడేమో 50 వేలకే దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో పరుగులు. సింగిల్ డోనర్ (ఒకే దాత నుంచి తీసిన) ప్లేట్‌లెట్ల బ్యాగు ఒక్కటే పదివేల రూపాయల మాట. ఎక్కించినవి డెంగీ ఉన్న ఒంట్లో కొద్ది గంటల్లోనే నాశనమవుతాయి, మర్నాడు అంకె మళ్లీ మొదటికే వస్తుంది. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊపుతూ ఐదు రోజుల లోపే వాడాలి. ఆ వేడిలో బ్యాక్టీరియా పెరిగే ప్రమాదమూ ఉంది.

నీరు కారే దశ జ్వరం దిగే సమయంలో మొదలై ఒకటి రెండు రోజులుంటుంది. నిజంగా సెలైన్ కావాల్సింది అప్పుడే, అదీ లెక్క ప్రకారం. ప్రమాద లక్షణాలున్న 60 కిలోల మనిషికి మొదటి ఒకటి రెండు గంటల పాటు, గంటకు 300 నుంచి 420 మిల్లీలీటర్లు. బీపీ, మూత్రం, పీసీవీ చూస్తూ తగ్గించుకుంటూ రావాలి. ఆ దశ దాటాక బయటికి పోయిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆకలేస్తుంది, మూత్రం ధారాళంగా వస్తుంది, అరచేతులు దురద పెడతాయి. అప్పుడు సెలైన్ ఆపేయాలి. కానీ ప్లేట్‌లెట్లు ఇంకా 30 వేల దగ్గరే ఉన్నాయని సీసాల మీద సీసాలు పెడుతూ పోతే, లోపలి నీరు, ఎక్కించిన నీరు కలిసి ఊపిరితిత్తులను ముంచుతాయి. కోలుకుంటున్న మనిషి ఆయాసంతో ఐసీయూకు పోయేది ఇలాగే. ప్లేట్‌లెట్లు ఆలస్యంగా పెరుగుతాయి, రోగి వాటికంటే ముందే కోలుకుంటాడు.

మరి జ్వరమొస్తే ఏం చేయాలి? పెద్దవాళ్లకు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, రెండు మాత్రల మధ్య ఆరు గంటలు. పిల్లలకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అంటే పది కిలోల పాపకు 150. సిరప్‌లు రెండు మూడు బలాల్లో దొరుకుతాయి కాబట్టి ఐదు మిల్లీలీటర్లలో ఎంత మందుందో సీసా మీద చదివాకే పోయాలి. నిమెసులైడ్ పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే నిషేధం వచ్చింది. రోజంతా కలిపి పెద్దవాళ్లు రెండున్నర, మూడు లీటర్ల ద్రవాలు తాగాలి. ఓఆర్ఎస్ కొంటే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని, ఒక లీటరుకు 20.5 గ్రాములు అని ఉందో లేదో చూసుకోండి. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. వేడన్నం, పప్పు, చారు, పెరుగు ఏదైనా పెట్టొచ్చు. పథ్యమని పస్తుంచితే నీరసం ఇంకా పెరుగుతుంది.

జ్వరం మూడో రోజుకూ తగ్గకపోతే ఒక సీబీపీ (రక్తకణాల లెక్క), మలేరియా పరీక్ష, డెంగీ ఎన్‌ఎస్‌1 చాలు. ఎన్‌ఎస్‌1 మొదటి ఐదు రోజుల్లోనే పనికొస్తుంది, ఆ తర్వాత ఐజీఎం అనే యాంటీబాడీ చూడాలి. కిట్ మీద గీత వస్తే అనుమానమే, ల్యాబ్‌లో చేసే ఎలీసా పరీక్షలో వస్తేనే నిర్ధారణ. ఈ పరీక్షలు బస్తీ దవాఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రుల ద్వారా ఉచితంగా చేయించుకోవచ్చు. ఆగకుండా వాంతులు, కడుపులో విడవని నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మత్తుగా పడి ఉండటం, ఆయాసం, చల్లబడ్డ కాళ్లు చేతులు, వీటిలో ఏది కనబడినా ఎన్నో రోజని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ సెలైన్ పెడతామంటే వద్దనకండి, అప్పుడది ప్రాణం నిలిపే మందే. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు.

తప్పంతా ఒకవైపే లేదు. 'సూది వేయలేదు, ఇదేం డాక్టరు' అని చీటీ చించి పారేసేవాళ్లు ఉన్నారు. మాత్రలు రాసి పంపితే ఫీజు ఇవ్వడానికి ఇబ్బంది పడతారు, సీసా వేలాడదీస్తే మాట్లాడకుండా ఇస్తారు. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేస్తే బండేసుకుని వచ్చేది ఊళ్లోని ఆర్‌ఎంపీయే అన్నది కూడా నిజమే. ఆయన పారాసెటమాల్, ఓఆర్ఎస్ ఇచ్చి, ప్రమాద లక్షణాలు గుర్తించి, 108కు ఫోన్ చేస్తే ఊరికి మేలే. అర్హత లేకుండా స్టెరాయిడ్, యాంటీబయాటిక్ సూదులు వేస్తే మాత్రం జాతీయ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. సెఫ్‌ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ లాంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరు, డాక్టరు పేరు మందుల షాపు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఈ రిజిస్టర్లను జ్వరాల సీజన్‌లో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తిరగేస్తే చాలు, ఏ మండలంలో ఎన్ని సూదులు ఎవరి చీటీ మీద పోతున్నాయో తెలిసిపోతుంది. ల్యాబ్ నుంచి, ఇంకో ఆసుపత్రి నుంచి కమీషన్ తీసుకోవడం డాక్టరుకు వృత్తి నియమాల ప్రకారమే తప్పు. రోగి అడిగితే 72 గంటల్లో కేస్ షీట్ కాపీ ఇవ్వాలన్నది కూడా ఆ నియమాల్లోనే ఉంది. అడిగి తీసుకోండి. రెండో డాక్టరుకు చూపించాలన్నా, బిల్లు మీద ఫిర్యాదు చేయాలన్నా ఆ కాగితాలే ఆధారం.

మీ పత్రికకు మా విన్నపాలు మూడు. 'విషజ్వరం' అన్న మాట వాడొద్దు, ఆ పేరుతో ఏ జ్వరమూ లేదు. డెంగీయా, మలేరియానా, స్క్రబ్ టైఫసా, తేలలేదా అని విలేకరి జిల్లా మలేరియా అధికారిని అడిగి రాయాలి. తేలకపోతే 'పరీక్షలు ఇంకా చేయలేదు' అనే రాయండి, అప్పుడు అధికారుల్లో కదలిక వస్తుంది. 'ప్లేట్‌లెట్లు పడిపోయి మృతి' అన్న శీర్షికకు ముందు ఏ రోజు ఆసుపత్రికి వెళ్లారు, అంతకుముందు ఎవరు ఏ సూదులు వేశారు అన్నది కనుక్కుని రాయండి. మూడోది, జ్వరాల వార్త వేసిన రోజు ఆ చెట్టుకు వేలాడే సీసా ఫొటో బదులు, పైన చెప్పిన ప్రమాద లక్షణాలను, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ పరీక్షలు ఎన్ని గంటల దాకా చేస్తారన్న వివరాన్ని పెట్టెకట్టి వేయండి. ఆ ముక్కను కత్తిరించి గోడకు అంటించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఇట్లు,
కొందరు జనరల్ ఫిజీషియన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు
ఖమ్మం జిల్లా